మిద్దెతోటలో నస్టర్షియం

(శీతకాలపు పూలమొక్కల మీద హైదరాబాదులో జరిగిన మిద్దెతోట పెంపకందారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, తోటి పెంపకందారులకు నమస్కారం.

చామంతుల గురించీ బంతుల గురించీ నాకన్నా బాగా చెప్పగలవారు ఈ సభలో ముందువరసలోనే కూర్చుని ఉన్నారు కనుక, మన మేడల మీద అంతగా కనబడని ఒక పూలమొక్కను నా వంతుగా ఎంచుకున్నాను. దాని పేరు నస్టర్షియం. పదకొండేళ్లుగా ప్రతి చలికాలమూ దీన్ని పెంచుతున్నాను. అందులో మొదటి రెండేళ్లూ పెంచానని చెప్పుకోవడం కన్నా చంపానని ఒప్పుకోవడమే న్యాయం. ఆ రెండేళ్లలో నేర్చుకున్నది ఒక్కటే, ఈ పూట నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది: మన ప్రాంతంలో ఈ మొక్కను పెంచడమంటే విత్తే రోజులను సరిగ్గా పట్టుకోవడం, ఆ తరువాత మన చెయ్యిని మనం అదుపులో పెట్టుకోవడం.

మొదటి ఏడాది ఉగాది వెళ్లిన వారానికి విత్తాను. గింజల పొట్లం మీద వసంతంలో విత్తమని రాసి ఉంది. వసంతమంటే ఉగాదే కదా అనుకున్నాను. ఆ మాట రాసినవారి వసంతంలో మంచు అప్పుడే కరుగుతూ ఉంటుందనీ, మన వసంతంలో మధ్యాహ్నం వేళ మేడ మీద చెప్పులు లేకుండా నిలబడలేమనీ ఆ రోజు తట్టలేదు. మొలకలు వచ్చాయి, నాలుగేసి ఆకులు వేశాయి, ఏప్రిల్ మూడో వారానికి ఆకుల అంచులు అప్పడంలా ఎండిపోయి, ఒక్క మొగ్గయినా చూపించకుండానే పోయాయి. రెండో ఏడాది కాలం తప్పలేదు గానీ ప్రేమ ఎక్కువైంది. కుండీలో సగానికి సగం మాగిన పశువుల ఎరువు వేసి, అది చాలదన్నట్టు పదిహేను రోజులకోసారి వేపపిండి నానబెట్టిన నీళ్లు పోశాను. ఆకులు నా అరచేతిని దాటి పెరిగాయి, చూడవచ్చినవారంతా మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను. సంక్రాంతి వెళ్లినా పువ్వు లేదు. ఫిబ్రవరిలో ఆకులు పక్కకు తీసి వెతికితే అడుగున ఆరు పువ్వులు దొరికాయి.

ఈ రెండు తప్పులకూ మూలం మొక్క పుట్టింటిలో ఉంది. నస్టర్షియం దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలది. పెరూ, ఈక్వెడార్, కొలంబియా దేశాల వైపు దాని సొంత ఊళ్లు. అవి భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ప్రాంతాలే అయినా ఎత్తైన చోట్లు కావడం వల్ల, ఎండ బాగా కాసినా గాలి చల్లగానే ఉంటుంది, రాత్రులు మరింత చల్లబడతాయి. అంటే ఈ మొక్కకు కావలసింది వెలుతురే గానీ వేడి కాదు. మన దేశంలో దీనికి అలాంటి చోటు నీలగిరుల్లో దొరికింది. ఊటీ వైపు వెళ్లినవారు రోడ్డు పక్క గట్ల మీద గుండ్రటి ఆకుల మధ్య నారింజరంగు పూలు విచ్చలవిడిగా పాకి ఉండడం చూసే ఉంటారు. ఎప్పుడో బంగళాల తోటలకు తెచ్చిన మొక్కలు కంచె దాటి అక్కడి కొండవాలుల్లో తమంతట తామే స్థిరపడ్డాయి. మన హైదరాబాదులో అలాంటి వాతావరణం ఏడాదిలో నాలుగు నెలలే ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల దగ్గరికి దిగుతాయి, మార్చి నడిమికి పగలు 35 దాటుతుంది. ఆ నాలుగు నెలల్లోనే మొక్క మొలిచి, పాకి, పూసి, గింజ కట్టి వెళ్లిపోవాలి. విత్తిన నాటి నుంచి పువ్వు విప్పడానికి సుమారు రెండు నెలలు పడుతుంది కనుక, లెక్క వెనక్కి కట్టుకుంటే దసరాకూ దీపావళికీ మధ్య విత్తడం సరిపోతుంది. బతుకమ్మకు పూలు తెచ్చుకునే రోజుల్లో గింజలు సిద్ధం చేసుకుంటే నాకు ఎప్పుడూ ఆలస్యం కాలేదు.

కోస్తావారు ఇంకొంచెం ఆగాలి. నెల్లూరు, చిత్తూరు వైపు అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి కనుక, అక్కడ కుండీలు వాన తగలని చోట పెట్టుకోవాలి, లేదా కార్తీకమాసం చివర విత్తుకోవాలి. విశాఖ, విజయవాడల్లో చలి తక్కువ కాబట్టి పూత కాలం కూడా తక్కువే. విదేశాల్లో ఉన్న మన పిల్లలకు మాత్రం లెక్క తిరగబడుతుంది. సియాటిల్‌లాంటి చల్లని ఊళ్లో మంచు పోయిన తరువాత విత్తితే వేసవి అంతా పూస్తుంది. డాలస్‌లో వేసవి మన వేసవికి తీసిపోదు కనుక, మార్చిలోనే విత్తి ఎండలు ముదిరేలోగా చూసుకోవలసిందే.

పేరు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇందులో పెద్ద గందరగోళం ఉంది. వృక్షశాస్త్రంలో నస్టర్షియం అనే ప్రజాతి వేరే ఉంది. అది నీటిలో పెరిగే ఒక ఘాటైన ఆకుకూరది. లాటిన్‌లో ఆ మాటకు ముక్కును మెలిపెట్టేది అని అర్థం చెబుతారు. స్పెయిన్‌వారు 16వ శతాబ్దంలో ఆండీస్ నుంచి ఈ పూలమొక్కల్లో చిన్నరకాన్ని తెచ్చినప్పుడు, ఆకు నమిలి చూస్తే అదే ఘాటు తగిలింది గనుక అదే పేరు అంటుకుంది. సెవిల్ నగరంలో వైద్యుడైన నికొలాస్ మొనార్దెస్ ఆ కాలంలోనే కొత్త ఖండపు మొక్కల మీద రాస్తూ దీన్నీ వర్ణించాడు. ఇవాళ మన కుండీల్లో పెరిగే పెద్దరకం 1684లో నెదర్లాండ్స్ మీదుగా యూరప్ తోటల్లోకి వచ్చింది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి ట్రోపియోలమ్ అని శాస్త్రీయనామం పెట్టాడు. పూర్వం యుద్ధంలో గెలిచినవారు ఓడినవారి డాళ్లనూ శిరస్త్రాణాలనూ ఒక స్తంభానికి తగిలించేవారట, ఆ జయస్తంభం పేరు నుంచే ఈ పేరు తీశాడు; ఈ ఆకులు డాళ్లలాగా, పూలు నెత్తురు మరకలున్న శిరస్త్రాణాల్లాగా ఆయనకు కనిపించాయి. చైనావారికి ఇదే మొక్క బంగారు తామర, అదీ పొడినేల మీద పెరిగే బంగారు తామర. నాకు ఈ పేరే నచ్చుతుంది. తెలుగులో కూడా మెట్టతామర అందామంటే, ఆ పేరు మనం ఎప్పుడో కాన్నా మొక్కకు ఇచ్చేశాం! కాబట్టి నర్సరీవారి మాటే మనకూ గతి.

తామర అని ఎందుకన్నారో తెలియాలంటే ఆకును దగ్గరగా చూడాలి. ఇదిగో, ఈ కుండీ నిరుడు రాలిన గింజ తొందరపడి మొలిచిన మొక్కది; పువ్వు లేకపోయినా ఆకు ఉంది. కాడ ఆకు అంచున కాకుండా దాదాపు నడిమధ్యన అతుక్కుని ఉంది, అక్కడి నుంచి ఈనెలు గొడుగు ఊచల్లా నలువైపులా పరుచుకున్నాయి. ఇప్పుడు దీని మీద నాలుగు చుక్కల నీళ్లు వేస్తున్నాను, చూడండి. పరుచుకోలేదు. గుండ్రంగా ముత్యంలా నిలిచి, ఆకును కాస్త వంచగానే జారి, కాడ అతుక్కున్న గుంటలో ఒక్క బొట్టుగా కలిసిపోయాయి. ఆకు పైన కంటికి కనబడనంత సన్నటి మైనపు నాళికలు దట్టంగా లేచి ఉంటాయి. నీటిబొట్టు వాటి కొనల మీదే ఆగిపోతుంది తప్ప ఆకును తాకదు. తామరాకు మీద జరిగేదీ ఇదే. ఇప్పుడు ఈ పక్కనున్న ఆకును వేలితో రెండుసార్లు గట్టిగా రుద్ది నీళ్లు వేస్తే, చూడండి, బొట్టు పరుచుకుని అంటుకుపోయింది. ఈ సంగతి వింత కోసమే చెప్పడం లేదు, పురుగుల దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ అవసరం పడుతుంది.

ఇక విత్తనం. బఠాణీ గింజంత ఉంటుంది, పైతొక్క బెండులా ముడతలు పడి ఉంటుంది. రాత్రి గ్లాసు నీళ్లలో వేసి ఉదయాన్నే తీస్తే చాలు; రెండు రోజులు నానబెడితే కుళ్లుతుంది. వేలి మొదటి కణుపులో సగం వరకు, అంటే ఒకటిన్నర సెంటీమీటర్ల లోతున పెట్టి మట్టితో పూర్తిగా కప్పాలి, ఎందుకంటే ఈ గింజ చీకట్లోనే మొలుస్తుంది. మొలక కోసం వారం పదిరోజులు ఓపిక పట్టాలి. చిక్కుడు మొలకలో లాగా పప్పుబద్దలు పైకి వస్తాయని ఎదురుచూడకండి. కందిలో, శనగలో లాగా దీని బద్దలు మట్టిలోనే ఉండిపోతాయి, పైకి వచ్చే మొదటి ఆకే బుల్లి గొడుగులా గుండ్రంగా ఉంటుంది. ఈలోగా ఉడతలు తవ్విపోయకుండా కుండీ మీద చిన్న వలముక్క కప్పండి. మా మేడ మీద మూడో ఏడాది విత్తిన పన్నెండు గింజల్లో తొమ్మిదింటిని ఉడతలే తిన్నాయి.

నారు పోసి నాటే అలవాటు ఇక్కడ పనికిరాదు. దీని వేళ్లు సన్నవి, పెళుసైనవి; ట్రేలో నుంచి పీకి నాటితే సగం మొక్కలు తేరుకోవు, తేరుకున్నవి కూడా మూడు వారాలు అలిగి కూర్చుంటాయి, మనకున్న నాలుగు నెలల్లో మూడు వారాలు పోగొట్టుకోవడమంటే చిన్న నష్టం కాదు. ఎక్కడ పెరగాలో అక్కడే విత్తాలి. తప్పదనుకుంటే పాత పేపరుతో చేసిన కప్పుల్లో విత్తి, కప్పుతో సహా మట్టిలో దించేయండి.

పన్నెండు అంగుళాల కుండీకి మూడు గింజలు చాలు. మట్టి విషయంలో మన మిద్దెతోటవారి అలవాటు దీనికి శత్రువు. టమాటాకూ వంకాయకూ కలిపినట్టు బలమైన మిశ్రమం కలపకూడదు. నేను ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, పాత కుండీలో వాడేసిన మట్టి ఒక పాలు కలుపుతాను, గుప్పెడు కంపోస్టు వేస్తే వేస్తాను, లేకపోతే లేదు. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకు మీద ఆకు వేస్తూ పోతుంది. ఆహారం కొంచెం కటకటగా ఉన్నప్పుడే పూతకు దిగుతుంది. నిరుడు పక్కపక్కన రెండు కుండీలు పెట్టి చూశాను. జీవామృతం, అంటే పేడ, గోమూత్రం, బెల్లం పులియబెట్టిన ఎరువు నీళ్లు, పోసిన కుండీ పచ్చటి కొండలా పెరిగింది, పోయనిది దానిలో సగం కూడా లేదు గానీ మూడు వారాల ముందే పూసింది. కుండీ అడుగున రంధ్రాలు మాత్రం తప్పనిసరి. నీళ్లు రోజూ పోయనక్కర్లేదు, పై అంగుళం మట్టి పొడిబారినప్పుడు పోస్తే చాలు. జనవరి నెలాఖరు వరకు ఎండ ఎంత తగిలినా మంచిదే. ఫిబ్రవరిలో కుండీలను మధ్యాహ్నం నీడపడే గోడ పక్కకు జరిపితే ఇంకో మూడు వారాల పూత దక్కుతుంది.

రకాలు రెండు తీరులు. గుబురుగా అడుగు ఎత్తులో నిలిచేవి ఒకటి, ఆరు నుంచి పది అడుగుల వరకు పాకేవి మరొకటి. పాకేదానికి నులితీగలు ఉండవు. ఆకు కాడే తగిలిన దాన్ని చుట్టుకుంటుంది. డార్విన్ తీగమొక్కల కదలికలను పరిశీలించినప్పుడు ఈ జాతినీ కాడలతో ఎగబాకే వాటిలో చేర్చాడు. అందువల్ల లావు కర్ర పాతితే దీనికి పట్టు దొరకదు, పురికొస కట్టాలి. లేదా పిట్టగోడ మీద నుంచి కిందికి వదిలేయండి. బోస్టన్‌లోని ఇజబెల్లా స్టీవర్ట్ గార్డ్‌నర్ మ్యూజియంలో ప్రతి వసంతంలోనూ పై అంతస్తు వసారాల నుంచి ఇరవై అడుగుల నస్టర్షియం తీగలను లోపలి ముంగిట్లోకి వేలాడదీస్తారు. వాటి కోసం నెలల తరబడి గాజుఇంట్లో తీగలను పెంచుతారు. ఫ్రాన్స్‌లోని జివెర్నీలో చిత్రకారుడు మోనే ఇంటి ముందరి బాటను రెండు వైపుల నుంచీ ఇవే కమ్ముకుంటాయి. మనకు అంత వద్దు, ఒక పిట్టగోడ చాలు. కుండీకి అనువైన గుబురు రకాల్లో ఆకుల మీద తెల్లటి చారికలుండే అలాస్కా మేలైనది, పువ్వు లేని రోజుల్లో కూడా చూడబుద్ధవుతుంది. ముదురు ఎరుపు పూల రకమొకటి ఎంప్రెస్ ఆఫ్ ఇండియా పేరుతో అమ్ముతారు. 1876లో విక్టోరియా రాణి పుచ్చుకున్న బిరుదు అది. ఆండీస్‌లో పుట్టిన మొక్కకు ఇంగ్లండ్‌లో మన దేశం పేరుతో కిరీటం పెట్టారన్నమాట.

పురుగుల్లో మనకు ముఖ్యంగా ఎదురయ్యేది పేనుబంక. లేత కొనల కిందా మొగ్గల మెడల చుట్టూ నల్లగా గుంపులు కడుతుంది, చీమల వరస కనబడిందంటే అది వచ్చినట్టే. ఆకు తొలిచే పురుగు ఆకు మీద ముగ్గు గీసినట్టు తెల్లటి వంకర గీతలు పెడుతుంది. ఆ ఆకు తుంచేస్తే సరిపోతుంది. యూరప్‌లో క్యాబేజీ మీద వాలే తెల్ల సీతాకోకచిలుక గొంగళ్లు దీన్ని కూడా మేస్తాయి, అందుకే అక్కడ కొందరు దీన్ని పురుగులను తనవైపు లాక్కునే ఎరపంటగా వేస్తారు. నస్టర్షియం పక్కన ఉంటే కూరగాయలకు పురుగు రాదని చెప్పేవారు మన మధ్య ఉన్నారు. నా మేడ మీద నేను చూసింది దానికి వ్యతిరేకం, పేనుబంక ముందు దీని మీదకే వచ్చింది. పురుగు మందు విషయంలో ఇందాకటి నీటిబొట్టును గుర్తుచేసుకోండి. వేపనూనె నీళ్లు ఎంత చిమ్మినా బొట్లు బొట్లుగా జారిపోతాయి, అంటుకోవాలంటే సబ్బునీరు కలపాలి, సబ్బు కలిపితే ఆకుకున్న మైనపు పూత చెడుతుంది. అందుకని నేను మందు జోలికి వెళ్లను. ఉదయం పూట పైపు నీళ్లు వేలితో నొక్కి, ఆకుల అడుగు భాగానికి తగిలేలా గట్టిగా కొడతాను, మూడు రోజులు వరసగా చేస్తే బంక తగ్గుతుంది. బాగా కమ్మిన కొమ్మను కత్తిరించి పారేస్తాను.

పువ్వు గురించి చెప్పడానికి చాలా ఉంది. రేకులు ఐదు, కేసరాలు ఎనిమిది. పై రెండు రేకుల మీద లోపలికి దారి చూపే ముదురు గీతలుంటాయి, కింది మూడు రేకుల మెడ దగ్గర సన్నటి కుచ్చులుంటాయి. వెనక తోకలాగా పొడుచుకొచ్చిన గొట్టం కొనలో తేనె ఉంటుంది. దాని పుట్టింట్లో ఆ తేనె కోసం హమ్మింగ్ పిట్టలు వస్తాయి, మా మేడ మీదికి తేనెపిట్టలు వస్తున్నాయి. మా మనవరాలు ఆ తోక కొసను కొరికి తేనె పీలుస్తుంది, మనం చిన్నప్పుడు నూరువరహాల పూలతో చేసినట్టే. కేసరాలన్నీ ఒక్కసారి విచ్చవు, రోజుకు ఒకటి రెండు చొప్పున విచ్చి పుప్పొడి ఇస్తాయి. అవి అయిపోయాకే పుప్పొడిని అందుకునే కీలాగ్రం సిద్ధమవుతుంది. వాడిన పూలను తుంచుతూ ఉంటే పూత సాగుతుంది.

1762లో లిన్నేయస్ కుమార్తె ఎలిజబెత్ క్రిస్టినా, అప్పటికి ఇరవయ్యేళ్లయినా నిండలేదు, సాయంసంధ్య వేళ ఈ పూలు ఉండుండి మెరుస్తున్నాయని గమనించి రాసింది, స్వీడన్ విజ్ఞాన అకాడమీ దాన్ని ప్రచురించింది. చాలాకాలం దాన్ని విద్యుత్తు అనుకున్నారు. ఆ మెరుపు పువ్వులో లేదనీ, మసక వెలుతురులో ఎరుపునూ ఆకుపచ్చనూ కన్ను పట్టుకునే తీరులో ఉందనీ 1914లో తేల్చారు. నేను గత జనవరిలో ఆరుగంటల వేళ ముదురు ఎరుపు పూల కుండీ ముందు నిలబడి, తిన్నగా చూడకుండా, చూపును ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరుపుతూ ప్రయత్నించాను. మూడో రోజున కనిపించింది, పువ్వు ఒక్క క్షణం రెప్ప కొట్టినట్టు.

ఈ మొక్కలో ఆకు, పువ్వు, పచ్చిగింజ అన్నీ తినదగినవే. ఆకు నమిలిన కాసేపటికి ఘాటు ముక్కుకు ఎక్కుతుంది. ఆవాలు, మునగ, బొప్పాయి, నస్టర్షియం శాస్త్రం లెక్కన ఒకే గణానికి చెందిన దూరపు చుట్టాలు. బొప్పాయి గింజ కొరికినప్పుడు తగిలే ఘాటుకూ దీని ఘాటుకూ కారణమైన పదార్థం ఒక్కటే. ఆ ఘాటు ఆకులో తయారుగా ఉండదు, ఆకు నలిగి లోపలి రెండు పదార్థాలు కలిసినప్పుడే పుడుతుంది, వేడి తగిలితే పుట్టదు. ఆవపిండిని నీళ్లతో కలిపితే ముక్కుకు ఎక్కి, పోపులో చిటపటలాడిన ఆవాలు అసలు ఎక్కకపోవడానికి కూడా ఇదే కారణం. కాబట్టి పప్పులో వేసి ఉడికిస్తే ఇది మామూలు ఆకు. సన్నగా తరిగి పచ్చిగానే పెరుగు పచ్చడిలో కలిపి, పైన నాలుగు పూలు వేసి వడ్డిస్తే దాని సంగతి తెలుస్తుంది. పాశ్చాత్యులు పచ్చిగింజలను వెనిగర్‌లో ఊరబెడతారు; నేను ఉప్పు, నిమ్మరసంలో పది రోజులు ఊరబెట్టాను, దద్దోజనంలోకి బాగుంది. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు దీనికి దూరంగా ఉండడం మంచిది, మిగతావారు కూడా గుప్పెళ్లతో తినకూడదు. నర్సరీ నుంచి పూతతో తెచ్చిన మొక్కకు ఏ మందు కొట్టారో మనకు తెలియదు కనుక ఆ పూలు తినకండి.

ఫిబ్రవరి చివరికి పువ్వు రాలిన చోట మూడు గింజలు ఒకదానికొకటి అతుక్కుని కాస్తాయి. పచ్చగా ఉన్నప్పుడు కోస్తే ఊరగాయకే పనికొస్తాయి. విత్తనానికైతే రంగు వెలిసి, వేలితో తాకగానే రాలేదాకా ఆగాలి, రాలినవి కుండీ మట్టి మీదే దొరుకుతాయి. నీడలో పది రోజులు ఆరబెట్టి కాగితం పొట్లంలో పెట్టి, ఆ పొట్లాన్ని డబ్బాలో వేసి ఇంట్లో చల్లగా ఉండే మూల ఉంచితే దసరా వరకు భద్రంగా ఉంటాయి. మూడేళ్లు నిల్వ ఉన్నవి కూడా నాకు మొలిచాయి.

వెళ్లేటప్పుడు ద్వారం దగ్గరి బల్ల మీద పొట్లాలు పెట్టాను, ఒక్కొక్క దానిలో ఐదేసి గింజలున్నాయి. పెన్సిల్‌తో చుక్క పెట్టినవి అలాస్కా మొక్క నుంచి తీసినవి. మిగతావాటిని తేనెటీగలూ తేనెపిట్టలూ కలిపేశాయి గనుక ఏ రంగు పూస్తుందో నేను మాట ఇవ్వలేను. మూడు విత్తి రెండు దాచుకోండి, మీ ఇంట్లోనూ ఉడతలు ఉండవచ్చు.